రేవు కాపలాకు ఖర్చెంత, ఫలమెంత?

ఇంటికి తాళం వేసుకోని గృహస్థు అరుదు. అయితే పది రూపాయల సామాను ఉన్న పెట్టెకు వంద రూపాయల తాళం తగిలించేవాడిని చూసి ఇరుగు పొరుగువారు నవ్వుతారు. లక్ష రూపాయల నగలున్న బీరువాను పురికొసతో కట్టి నిద్రపోయేవాడిని చూసి కూడా నవ్వుతారు. ఈ రెండు నవ్వుల నడుమ ఒక శాస్త్రం దాగి ఉన్నది. రక్షణకు పెట్టే ఖర్చును, ఆ రక్షణవల్ల తప్పే నష్టాన్ని ఒకే త్రాసులో పెట్టి తూచి, ఏ పని చేయదగినదో, ఏది చేయదగనిదో నిర్ణయించడమే ఆ శాస్త్రం. దీనికి అర్థశాస్త్రజ్ఞులు వ్యయ–ప్రయోజన విశ్లేషణ అని పేరు పెట్టారు.

ఇంటి విషయంలో ఈ తూకం సులువు. ఖర్చు పెట్టేవాడూ, నష్టపోయేవాడూ ఒక్కడే. ఓడరేవు సంగతి అట్లా కాదు. అక్కడ సరకు ఒకరిది, ఓడ మరొకరిది, దించే చేతులు వేరొకరివి, సుంకం ప్రభుత్వానిది. దొంగతనం జరిగితే నష్టం పదిమందికి పంచుకుపోతుంది. కాపలాకు డబ్బు పెట్టమంటే ఎవరికి వారే వెనుకకు జరుగుతారు. మరి రేవు రక్షణకు ఎంత ఖర్చు పెట్టాలి? ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పడానికి జరిగిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది పద్దెనిమిదవ శతాబ్దం చివర లండన్ నగరంలో జరిగింది. ఆ కథలో లెక్కకు గల బలమూ, లెక్కకు గల లోపమూ రెండూ కనిపిస్తాయి.

థేమ్స్ నదిలో రద్దీ

1790 ప్రాంతానికి లండన్ ప్రపంచంలోని పెద్ద రేవులలో ఒకటి. ఏడాదికి 13 వేలకు పైగా ఓడలు థేమ్స్ నదిలోనికి వచ్చి పోయేవి. వెస్టిండీస్ దీవులనుండి పంచదార, రమ్ము, కాఫీ. ఉత్తర ఇంగ్లండునుండి బొగ్గు. బాల్టిక్ దేశాలనుండి కలప, జనపనార. తూర్పు దేశాలనుండి తేయాకు, నూలుబట్టలు దిగేవి. ఆ బట్టలలో గోదావరి డెల్టా నేతగాళ్ల చేతిపని కూడా ఉండేది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరే ఇంగ్లీషువారి నోట మారి, ‘మడపొల్లం’ అనే ఒక రకం బట్టకు పేరయింది.

ఇంత సరకు దించడానికి చట్టం అనుమతించిన ఒడ్డు మాత్రం బహు స్వల్పం. సుంకం వసూలుకు అనువుగా ఉంటుందని పదహారవ శతాబ్దంలో, 1558 ప్రాంతంలో, నిర్ణయించిన రేవుగట్లే ఇంకా అమలులో ఉండేవి. లండన్ వంతెనకూ, టవరు కోటకూ మధ్య ఉన్న ఈ గట్ల మొత్తం పొడవు 1,419 అడుగులు. అనగా ఒక మైలులో మూడవ వంతు కూడా లేదు. అందుచేత పెద్ద ఓడలు నది మధ్య లంగరు వేసుకొని, సరకును చిన్న పడవలలోనికి దించి గట్టుకు పంపేవి. కాకినాడ లంగరు రేవులో బార్జీల ద్వారా సరకు దించడం చూసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. అయితే థేమ్స్ మీద గట్టు ఖాళీ లేక, మూతలేని పడవలలో పంచదార పీపాలు రోజుల తరబడి పడి ఉండేవి. వెస్టిండీస్ ఓడలు గాలులనుబట్టి, పంటనుబట్టి గుంపులుగా ఒకే ఋతువులో వచ్చేవి. అప్పుడు ఒక ఓడమీదినుండి మరొక ఓడమీదికి నడచిపోవచ్చునా అన్నంత ఒత్తిడి.

ఈ పరిస్థితి దొంగలకు వరమయింది. రాత్రివేళ లంగరు త్రాళ్లు కోసి పడవలను దిగువకు కొట్టుకుపోనిచ్చి దోచేవారు కొందరు. ఓడ అధికారులకు లంచమిచ్చి, నల్లని సంచులతో వచ్చి పంచదార నింపుకొని పోయేవారు కొందరు. పగటివేళ దించుడు పనికి వచ్చి, దుస్తుల లోపల దాచిన సంచులలో కాఫీ, పంచదార పట్టుకుపోయేవారు మరికొందరు. ఓడలోని తోడుదొంగలు బురదలోనికి జారవిడిచిన మూటలను, నీరు తీసినపుడు మోకాలులోతు దిగి ఏరుకొనేవారు ఇంకా కొందరు. ఒక్కొక్క తెగకూ నదిమీద ఒక్కొక్క మారుపేరు ఉండేది.

కహూన్ వేసిన లెక్క

పాట్రిక్ కహూన్ 1745లో స్కాట్లండులో జన్మించాడు. గ్లాస్గో నగరంలో వర్తకం చేసి ధనికుడై, 1782లో ఆ నగర పాలకాధ్యక్షుడయినాడు. అక్కడి వర్తక సంఘం స్థాపనలో ముఖ్యపాత్ర అతనిదే. తరువాత లండన్ చేరి, 1792లో మేజిస్ట్రేటు పదవి పొందాడు. వర్తకుని అలవాటు మేజిస్ట్రేటు అయిన తరువాత కూడా పోలేదు. నేరాన్ని అతడు పాపంగా గాక ఒక పద్దుగా చూశాడు. నేరంవల్ల ఏడాదికి నగరానికి ఎంత నష్టం? దాన్ని ఆపడానికి ఎంత ఖర్చవుతుంది? ఇవే అతని ప్రశ్నలు.

థేమ్స్ నదిమీద జరిగే దొంగతనానికి అతడొక పట్టిక తయారుచేశాడు. వెస్టిండీస్ వర్తకం, ఈస్టిండియా వర్తకం, అమెరికా వర్తకం, బొగ్గు, కలప—ఇట్లా ఒక్కొక్క శాఖకు ఏటా ఎంత సరకు పోతున్నదో అంచనా కట్టాడు. అన్నీ కూడితే ఏడాదికి సుమారు 5 లక్షల పౌనులు తేలింది. అందులో దాదాపు సగం వెస్టిండీస్ సరకుదే. నదిమీద జీవించే పనివారు సుమారు 33 వేలనీ, వారిలో 11 వేలమందికి దొంగతనంతో సంబంధం ఉన్నదనీ అతడు వ్రాశాడు.

ఈ అంకెలను ఎట్లా సంపాదించాడు? నదిమీద ఎవరూ దొంగలను లెక్కపెట్టలేదు. మూడింట ఒక వంతు అనేది ఊహ. సరకు నష్టం కూడా వర్తకులు చెప్పుకొన్న మాటలపై ఆధారపడినదే. పైగా ఆ లెక్క చూసి లాభపడేవారు కూడా ఆ వర్తకులే. కాబట్టి కహూన్ అంకెలను అక్షరసత్యాలుగా గ్రహించరాదు. అయినా ఒక విషయం మెచ్చుకోదగినది. అంతవరకు ‘దొంగతనం పెరిగిపోయినది’ అని గొణుక్కొనేవారే గాని, ‘ఎంత?’ అని అడిగినవారు తక్కువ. ఒక అంకె తప్పయినా సరే, కాగితంమీద పెడితే మరొకడు దాన్ని ప్రశ్నించడానికి, దిద్దడానికి అవకాశం ఏర్పడుతుంది.

మరొక సంగతి కూడా గమనింపదగినది. ఏటా ఆ నదిమీద నడిచే వర్తకం విలువ సుమారు 6 కోట్ల పౌనులని ఆనాటి అంచనా. దానిలో 5 లక్షలంటే నూటికి ఒక వంతు కూడా కాదు. విడివిడిగా చూస్తే వర్తకుడు దులుపుకొని పోగల నష్టం అది. కలిపి చూస్తేనే దాని పరిమాణం కంటికి కనిపిస్తుంది. కహూన్ చేసిన పని అదే.

1798 జులై 2

కాపలా పథకం కహూన్ ఒక్కడి ఆలోచన కాదు. జాన్ హారియట్ అనే ఎసెక్సు ప్రాంతపు మేజిస్ట్రేటు అప్పటికే నదికి ప్రత్యేక పోలీసు కావాలని ప్రభుత్వానికి పథకం పంపి ఉన్నాడు. ఇతడు చిన్ననాటినుండి సముద్రంమీద తిరిగినవాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేయడానికి మద్రాసు వచ్చి, కాలికి తుపాకి దెబ్బ తగిలి తిరిగిపోయినవాడు. హారియట్ నది ఎరిగినవాడు, కహూన్ లెక్క ఎరిగినవాడు. న్యాయశాస్త్రవేత్త జెరెమీ బెంథామ్ చట్టం ముసాయిదా వ్రాయడంలో తోడ్పడ్డాడు. ఒక చర్యవల్ల కలిగే సుఖదుఃఖాలను తూచి మంచిచెడ్డలు నిర్ణయించాలన్న సిద్ధాంతానికి ప్రసిద్ధుడైన బెంథామ్ ఈ పనిలో పాల్గొనడం సహజమే.

వెస్టిండీస్ వర్తకులు, తోటల యజమానులు ముందుకు వచ్చి డబ్బు పెట్టారు. ప్రభుత్వం సమ్మతించింది. మొదటి ఏడాది ఖర్చు 4,200 పౌనులు. 1798 జులై 2న వాపింగ్ అనే చోట, నది ఒడ్డున, నీటి పోలీసు కార్యాలయం తెరిచారు. మొదట ఉన్నవారు సుమారు 50 మంది. వారు పడవలపై రాత్రింబగళ్లు గస్తీ తిరిగేవారు. సరకు దించే ఓడమీద కాపలా నిలిచేవారు. అంతేగాక, దించుడు పనిచేసే కళాసీలను పేర్లు వ్రాసి నియమించి, కూలి రేటు నిర్ణయించి చెల్లించే శాఖ కూడా ఆ కార్యాలయంలోనే ఏర్పడింది. కళాసీలు వదులు దుస్తులు, సంచులు ధరించి పనికి రాకూడదని నియమం పెట్టారు. ఓడ దిగేటప్పుడు సోదా చేసేవారు.

ఏడాది తిరిగేసరికి కహూన్ ఫలితాన్ని ప్రకటించాడు. పోలీసువల్ల 1,22,000 పౌనుల సరకు దక్కిందని అతని లెక్క. కొందరి ప్రాణాలు కూడా కాపాడారని చెప్పాడు. 4,200 పెట్టితే 1,22,000 దక్కింది. అనగా ఒక పౌనుకు 29 పౌనులు. ఏ వర్తకునికైనా ఇంతకన్న మంచి బేరం దొరకదు. పార్లమెంటు ఈ వాదాన్ని అంగీకరించి, 1800 జులైలో చట్టం చేసి, ప్రైవేటు డబ్బుతో ప్రారంభమయిన ఆ పోలీసును ప్రభుత్వ శాఖగా మార్చింది. 1839లో అది లండన్ మహానగర పోలీసులో కలిసిపోయింది.

మామూలా? దొంగతనమా?

ఇక ఈ లెక్కలోని రెండవ ప్రక్క చూడాలి.

1798 అక్టోబరు 16 సాయంకాలం వాపింగ్ కార్యాలయంలో బొగ్గు దొంగతనం కేసు విచారణ జరిగింది. బొగ్గు మోసే కూలీలకు 40 షిల్లింగుల చొప్పున జరిమానా వేశారు. కొద్దిసేపటికి కార్యాలయం ముందు రెండువేల మందితో గుంపు చేరింది. రాళ్లు రువ్వి కిటికీలు పగులగొట్టారు. కహూన్, హారియట్ ఇద్దరూ లోపలనే ఉన్నారు. తుపాకులు పేలాయి. గుంపులో ఒకడు చనిపోయాడు. పోలీసు పక్షాన పనిచేస్తున్న గాబ్రియేల్ ఫ్రాంక్స్ గాయపడి కొన్నాళ్లకు మరణించాడు. జరిమానా పడినవారిలో ఒకని సోదరునికి 1799లో ఉరిశిక్ష విధించారు.

కొద్ది షిల్లింగుల బొగ్గుకోసం ఇంత ఆగ్రహమెందుకు? ఆ కూలీల దృష్టిలో అది దొంగతనం కాదు, మామూలు. పొలం కోసిన తరువాత కంకులు ఏరుకొనే పరిగె హక్కువంటిది. ఓడ అడుగున రాలిన పంచదార, పీపా పగిలి చెదిరిన కాఫీ, పని ముగిసిన తరువాత సంచిలో పట్టినంత బొగ్గు—ఇవన్నీ తరతరాలుగా కూలిలో భాగమని వారు భావించేవారు. యజమానులు కూడా ఆ మామూలును మనస్సులో ఉంచుకొనే కూలి తక్కువగా ఇచ్చేవారు. కొన్ని చోట్ల కూలిలో పెద్దభాగం ఈ రాలిన సరకే. నిజమైన దొంగలు, ముఠాలు నదిమీద లేకపోలేదు. కాని దొంగతనమెక్కడ ముగుస్తుంది, మామూలు ఎక్కడ మొదలవుతుంది అనే గీత ఎవరూ గీయలేదు. కహూన్ పట్టిక ఆ రెంటినీ ఒకే పద్దులో వ్రాసింది.

దీన్ని లెక్క భాషలో చెప్పితే ఇట్లా ఉంటుంది. ఒక వర్తకుని చేతిలోనుండి ఒక శేరు పంచదార కూలీ చేతికి పోయినపుడు ఆ పంచదార లోకంలోనుండి మాయం కాలేదు. వర్తకుని వంట ఇంటిలో గాక కూలీ ఇంటిలో ఖర్చయింది. వర్తకునికి అది నష్టమే, సమాజం మొత్తానికి చూస్తే చాలవరకు చేతులు మారడం మాత్రమే. అదే పంచదార నిప్పంటుకొని కాలిపోతే సమాజానికే నష్టం. నేటి అర్థశాస్త్రజ్ఞులు ఈ రెంటినీ జాగ్రత్తగా వేరుచేస్తారు. కాపలావల్ల దక్కిన 1,22,000 పౌనులలో ఎంత నిజంగా సమాజానికి మిగిలినది, ఎంత ఒక జేబునుండి మరొక జేబుకు తిరిగి వచ్చినది అన్న ప్రశ్న ఆ పట్టికలో లేదు. కాపలా లేకపోతే అందరూ అపనమ్మకంతో వ్యాపారం చేయవలసి వస్తుంది, ఓడలు ఆలస్యమవుతాయి, సుంకం తగ్గుతుంది. ఇవి నిజమైన నష్టాలే. కాని వాటి పరిమాణం వేరు.

ఇంకా లోతుకు పోతే మరొక మౌనం కనబడుతుంది. కాపాడదలచిన ఆ పంచదారను పండించినది వెస్టిండీస్ దీవులలోని బానిసలు. ఆఫ్రికానుండి బలవంతంగా తరలించిన మనుషుల శ్రమకు ఆ పద్దులో ఖర్చుగా గాని, నష్టంగా గాని ఒక్క గడి కూడా లేదు. బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. తన సామ్రాజ్యంలోని చాలా భాగాలలో బానిసత్వాన్ని తొలగించే చట్టం 1833లో చేసింది. పీపాలో ఒక గుప్పెడు పోతే లెక్క వ్రాసిన కలం, ఆ పీపా నింపినవాని సర్వస్వం పోయిన సంగతి వ్రాయలేదు.

నీటి గస్తీనుండి ఎత్తు గోడకు

గస్తీతో వెస్టిండీస్ వర్తకులు తృప్తిపడలేదు. నది మధ్య గాక, చుట్టూ గోడ ఉన్న కృత్రిమ జలాశయంలోనే ఓడలు నిలిపి సరకు దించాలని తలపెట్టారు. 1799లో పార్లమెంటు చట్టం చేసింది. ఇంజనీరు విలియం జెస్సప్ పర్యవేక్షణలో నిర్మాణం సాగి, 1802 ఆగస్టులో వెస్టిండియా డాకులు తెరిచారు. చుట్టూ 20 అడుగుల ఎత్తు ఇటుక గోడ, దానిచుట్టూ నీటి కందకం, లోపల పెద్ద గిడ్డంగులు, ద్వారాల వద్ద కాపలా. రూపంలో అది రేవుకన్న కోటను పోలి ఉండేది. లండన్ చేరే వెస్టిండీస్ సరకు 21 ఏళ్లపాటు అక్కడే దించాలని చట్టం నిర్బంధించింది. ఈ డాకులకు నాయకత్వం వహించిన రాబర్ట్ మిల్లిగన్ బానిసలు గల తోటల యజమాని. అక్కడ నిలిపిన అతని విగ్రహాన్ని 2020 జూన్‌లో తొలగించారు.

నీటి పోలీసుకు ఏడాదికి కొన్ని వేల పౌనులయితే, డాకులకు పది లక్షల పౌనులకు పైగా అయింది. నూటికి 5 వడ్డీ చొప్పున చూసినా, ఏడాదికి 50 వేల పౌనుల పైమాట. దొంగతనం తగ్గుదల ఒక్కటే ఫలంగా లెక్కిస్తే ఈ ఖర్చును సమర్థించడం కష్టం కావచ్చు. ఎందుచేతనంటే గస్తీ అప్పటికే సులభంగా ఆపగలిగిన దొంగతనాన్ని ఆపివేసింది. గోడ ఆపవలసినది మిగిలిన భాగాన్నే. అయితే డాకులవల్ల మరొక పెద్ద ప్రయోజనం ఉన్నది. నెలలు పట్టే దించుడు పని రోజులలో ముగిసింది. ఓడలు త్వరగా తిరిగిపోగలిగాయి. రక్షణ, వేగం రెండూ ఒకే కట్టడంలో కలిసి ఉన్నపుడు ఖర్చును ఒక్క రక్షణ పద్దులోనే వ్రాయరాదు.

ఇక్కడ విద్యార్థులు నేర్చుకోవలసిన సూత్రం ఒకటున్నది. మొదటి 4,200 పౌనులు 29 రెట్లు ఫలమిచ్చాయి గదా అని, రెండవ 4,200 పౌనులు కూడా 29 రెట్లే ఇస్తాయనుకోరాదు. పొలానికి మొదటి బస్తా ఎరువు ఇచ్చిన దిగుబడి పదవ బస్తా ఇవ్వదు. అట్లే కాపలా పెంచిన కొద్దీ, ప్రతి అదనపు రూపాయి తెచ్చే ఫలం తగ్గుతుంది. అదనంగా పెట్టే రూపాయికి అదనంగా వచ్చే ఫలం సరిగా ఒక రూపాయి అయినచోట ఆగాలి. దీనిప్రకారం దొంగతనం పూర్తిగా లేని రేవు ఆదర్శం కాదు. చివరి దొంగను పట్టడానికయ్యే ఖర్చు అతడు ఎత్తుకుపోయే సరకుకన్న ఎక్కువ కావచ్చు.

లెక్క శాస్త్రమైన విధం

కహూన్ వర్తకుని తెలివితో చేసిన పనికి సిద్ధాంతరూపం తరువాత వచ్చింది. ఫ్రాన్సులో రోడ్లు, వంతెనల శాఖ ఇంజనీరు జూల్ డ్యూపుయి 1844లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఒక వంతెనవల్ల ప్రజలకు కలిగే ప్రయోజనం, అక్కడ వసూలయిన సుంకం కాదనీ, ఆ వంతెన కోసం ప్రజలు ఎంతవరకు ఇవ్వడానికి సిద్ధపడతారో అది అనీ అతడు నిరూపించాడు. అమెరికాలో 1936నాటి వరదల నివారణ చట్టం మరొక మెట్టు ఎక్కించింది. ప్రయోజనాలు ఎవరికి చెందినా సరే, అవి ఖర్చును మించినపుడే ప్రభుత్వం పని చేపట్టవలెనని ఆ చట్టం నియమం పెట్టింది. ‘ఎవరికి చెందినా సరే’ అన్న మాట ముఖ్యమైనది. డబ్బు పెట్టిన వర్తకుల లాభం ఒక్కటే చూసిన కహూన్ పట్టికకూ, సమాజం మొత్తం లాభనష్టాలను చూడబూనిన ఈ విధానానికీ ఉన్న భేదం అదే.

ఇనుప పెట్టె తెచ్చిన మార్పు

విచిత్రమేమంటే, రేవులలో చిల్లర దొంగతనాన్ని గోడలకన్న, గస్తీలకన్న ఎక్కువగా తగ్గించినది కాపలాకోసం పుట్టిన వస్తువు కాదు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూఆర్క్ రేవునుండి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 లోహపు పెట్టెలతో హ్యూస్టన్ బయలుదేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఖర్చు తగ్గించడానికి పన్నిన ఉపాయమది. మూటలు, పీపాలు ఒక్కొక్కటి మోయనక్కరలేకుండా, సరకు నింపి సీలు వేసిన పెట్టెనే క్రేనుతో ఎత్తి ఓడలో పెట్టవచ్చును. దించేటప్పుడు లోపలి వస్తువు ఎవరి చేతికీ తగలదు. కంటెయినరు అనే ఈ పెట్టెలవల్ల మోత ఖర్చు ఎన్నో రెట్లు పడిపోయింది, దానితోపాటు చిల్లర దొంగతనం కూడా. వేలాది రేవు కూలీల బ్రతుకుతెరువు కూడా వాటితోనే పోయింది.

అయితే తెరవని పెట్టె దొంగను దూరం చేసినట్లే తనిఖీని కూడా దూరం చేసింది. లోపల ఏమున్నదో కాగితం చెప్పిందే గాని కన్ను చూడదు. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడుల తరువాత ఈ భయం పైకి వచ్చింది. ఒక పెట్టెలో మారణాయుధం రేవుకు చేరితే? 2002 డిసెంబరులో అంతర్జాతీయ నౌకాసంస్థ సభ్యదేశాలు ఓడలకు, రేవులకు కొత్త భద్రతా నియమావళిని ఆమోదించాయి. అది 2004 జులై 1న అమలులోనికి వచ్చింది. విదేశీ ఓడలు వచ్చే భారతీయ రేవులకు, వాటిలో విశాఖపట్నానికి కూడా ఇది వర్తిస్తుంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2003లో కట్టిన అంచనా ప్రకారం, ఓడల యజమానులకు ప్రారంభంలో కనీసం 128 కోట్ల డాలర్లు, తరువాత ఏటా 73 కోట్ల డాలర్లు ఖర్చు కావలసి ఉన్నది.

ఫలమెంత? ఇక్కడ కహూన్‌కు లేని చిక్కు వస్తుంది. అతని దొంగలు ప్రతి రాత్రి వచ్చేవారు. ఈ ఏడాది ఎంత పోయినదో, నిరుటికన్న ఎంత తగ్గినదో చూడవచ్చు. మహావిపత్తు అట్లా రాదు. పదేళ్లు ఏమీ జరగకపోతే, కాపలావల్ల జరగలేదా, ఎట్లాగూ జరిగేది కాదా అన్నది తేలదు.

జరిగితే కలిగే నష్టం అంచనా కూడా సులువు కాదు. 2002 చివర అమెరికా పడమటి తీరంలోని 29 రేవులు కార్మిక వివాదంవల్ల పదిరోజులు మూతపడ్డాయి. రోజుకు 100 కోట్ల డాలర్ల నష్టమని అప్పుడు అందరూ చెప్పుకొన్నారు. కాని లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ జంట రేవులు ఒక వారం మూతపడితే ఏమవుతుందని అమెరికా కాంగ్రెసు బడ్జెటు కార్యాలయం 2006లో లెక్కవేసినపుడు, నష్టం రోజుకు ఆరున్నర కోట్లనుండి 15 కోట్ల డాలర్లవరకు అని తేలింది. ఆ తీరంలో అన్నిటికన్న పెద్దవి ఆ రెండు రేవులే. వాటికే ఇంత తక్కువ తేలడానికి కారణం సులభమే. ఆగిపోయిన సరకు నశించిన సరకు కాదు. చాలవరకు ఆలస్యంగానైనా చేరుతుంది. థేమ్స్ కథలో చేతులు మారిన సరకుకూ, కాలిపోయిన సరకుకూ ఉన్న భేదంవంటిదే ఇదికూడా.

అరుదైన అపాయాన్ని తూచడం ఎట్లా?

అపాయం వచ్చే అవకాశం ఎంతో తెలియనపుడు విశ్లేషకులు ప్రశ్నను తలక్రిందులు చేస్తారు. ‘అవకాశమెంత?’ అని అడగడానికి బదులు, ‘ఈ ఖర్చు గిట్టాలంటే అవకాశమెంత ఉండాలి?’ అని అడుగుతారు. దీన్ని సరితూకపు లెక్క అనవచ్చు.

ఉదాహరణకు ఒక కల్పిత రేవు తీసికొందాం. కొత్త కాపలా పథకానికి ఏడాదికి 10 కోట్ల రూపాయలు ఖర్చు. దాడి జరిగితే 2,000 కోట్ల నష్టం. పథకంవల్ల దాడి అవకాశం సగానికి తగ్గుతుందనుకొందాం. పథకం లేనపుడు ఏడాదికి దాడి అవకాశం ‘అ’ అయితే, తప్పే నష్టం అ × ½ × 2,000, అనగా 1,000 అ కోట్లు. ఇది 10 కోట్లకు సమానం కావాలంటే ‘అ’ 100లో ఒకటి కావాలి. ఇక అధికారులు ఆలోచించవలసినది ఒక్కటే: పథకం లేకపోతే ఈ రేవుపై నూరేళ్లకొకసారికన్న ఎక్కువగా దాడి జరుగుతుందని నమ్మడానికి ఆధారమున్నదా? ఉన్నదంటే పథకం గిట్టుతుంది, లేదంటే ఆ 10 కోట్లు వేరొక పనికి వాడడం మేలు. పథకం అవకాశాన్ని సగానికి గాక నాలుగవ వంతు మాత్రమే తగ్గిస్తే, ‘అ’ 50లో ఒకటి కావాలి. విద్యార్థులు ఇతర అంకెలు వేసి స్వయంగా చూడవచ్చు.

అమెరికాకు వచ్చే కంటెయినర్లన్నిటినీ విదేశపు రేవులలోనే నూటికి నూరూ యంత్రాలతో తనిఖీ చేయాలని 2007లో ఆ దేశం చట్టం చేసింది. గడువు 2012 జులై. ఏటా కోటికి పైగా పెట్టెలు, ప్రతి రేవులో యంత్రాలు, మనుషులు, స్థలం కావాలి, సరకు ఆలస్యమవుతుంది. గడువు రాగానే పొడిగించారు, తరువాత కూడా పదేపదే పొడిగించారు. దానికి బదులు, పెట్టె ఓడ ఎక్కకముందే కాగితాలు తెప్పించుకొని, అనుమానం కలిగినవాటిని మాత్రమే తనిఖీ చేసే పద్ధతి నడిచింది. చివరి పెట్టెవరకు తెరవడమంటే చివరి దొంగవరకు పట్టడమే. అదనపు రూపాయి సూత్రం ఇక్కడ కూడా పనిచేసింది.

తిరిగి థేమ్స్ ఒడ్డుకు

ఇప్పుడు ఈ సరితూకపు లెక్కను కహూన్ పట్టికకు వర్తింపజేస్తే ఒక చక్కని సంగతి తేలుతుంది. ఖర్చు 4,200 పౌనులు, చెప్పిన నష్టం సుమారు 5 లక్షలు. అంటే నీటి పోలీసు దొంగతనంలో నూటికి ఒక వంతు ఆపినా వర్తకుల ఖర్చు గిట్టుతుంది. కహూన్ నష్టాన్ని పదిరెట్లు పెంచి చెప్పాడనుకొన్నా, అసలు నష్టం 50 వేలే అనుకొన్నా, నూటికి తొమ్మిది వంతులు ఆపితే చాలు. 1,22,000 దక్కిందన్నది పదిరెట్ల అతిశయోక్తి అయినా, మిగిలిన 12,200 ఖర్చుకు దాదాపు మూడు రెట్లు. అంకెలు నమ్మదగినవి కాకపోయినా నిర్ణయం చెదరలేదు. వ్యయ–ప్రయోజన విశ్లేషణకు కచ్చితమైన అంకెలు ఎప్పుడూ అవసరం లేదు. అంకె ఎంతవరకు తప్పయినా నిర్ణయం నిలుస్తుందో తెలిస్తే చాలు. ఇది ఆ లెక్కకు గల బలం.

కాని ఈ పరీక్ష పద్దులో వ్రాసిన అంకెలకే పనిచేస్తుంది. వ్రాయనిదాన్ని పదిరెట్లు చేసినా, నూరురెట్లు చేసినా సున్నయే. మామూలు కోల్పోయిన బొగ్గుకూలీ ఇంటి పొయ్యి ఆ పట్టికలో లేదు. గాబ్రియేల్ ఫ్రాంక్స్ ప్రాణం లేదు. అట్లాంటిక్ ఆవలి చెరకు తోటలలోని బానిస లేడు. ఆ మనుషులను చేర్చి వ్రాస్తే కాపలా వద్దని తేలేదని చెప్పలేము. బహుశా, కూలి పెంచి మామూలు మాన్పించే ఏర్పాటు కాపలాకన్న ముందు జరగవలసినదని తేలి ఉండేది. అక్టోబరు 16 సాయంకాలం వాపింగ్ వీధిలో రెండు ప్రాణాలు పోకుండా ఉండేవేమో.

నేటి రేవులలో కెమెరాలు, కంచెలు, కిరణ యంత్రాలు వచ్చాయి. వాటికి డబ్బు మంజూరు చేసే కాగితంమీద ఒకప్రక్క ఖర్చు, ఒకప్రక్క ఫలం వ్రాస్తున్నారు. వ్రాయవలసినదే. లెక్క లేని కాపలా వట్టి భయం. అయితే ఆ కాగితం చదివేవారు కూడికలు సరిచూసి ఊరుకోరాదు. ఆ పద్దులో ఎవరి పేరు ఉన్నది, ఎవరి పేరు లేదు అని కూడా చూడాలి.